మొహమాటానికి రాసిన 'సూపర్'

నా స్నేహితురాలు సరిత గొలుసుకట్టు కంపెనీ వాళ్ల బలం పొడి అమ్ముతుంది. ఫేస్‌బుక్‌లో ఆమె పోస్టులన్నిటి కిందా మొహమాటానికి 'సూపర్' అని రాస్తుంటాను. ఆ డబ్బా మూతైనా తీసి చూడలేదు.

ఈ రోజు ఝరాసంగం నుంచి జహీరాబాద్ వచ్చే షేర్ ఆటోలో, మా వాడకట్టు లక్ష్మమ్మ పెద్దమ్మకూ సరితకూ మధ్య ఇరుక్కున్నాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు సూపరని రాసింది సరిత చూపిచ్చింది బిడ్డా. షుగర్ గోలీలు బంద్ వెట్టి గదే తాగుతున్న. మంచిదే గదా?"

సరిత మోచేత్తో నన్ను మెల్లగా పొడిచింది. దిగిపోదామంటే ఆటో హైవే ఎక్కేసింది.

"గోలీలు బంద్ వెట్టకు పెద్దమ్మా. నేను గా పొడి ఎన్నడూ తాగలే," అన్నాను.

బస్టాండులో దిగగానే ఫోన్ తీశాను. ఇప్పుడు నా పాత 'సూపర్'లన్నీ వెతికి చెరిపేస్తున్నాను. మీరు ఎక్కడెక్కడ రాశారో గుర్తుందా?