బిడ్డనని తేలిన రోజు

నేను గోదావరిఖనిలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నప్పుడు, ఒక అవ్వ ప్రతి వాయిదాకూ వచ్చేది. పేరు పిలిచేదాకా కోర్టు వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే ఉండేది. "జర కూసోరాదు అవ్వా" అంటే, "కూసుంటె పానం నిలుస్తలేదు కొడుకా" అనేది.

తండ్రి పొలంలో వాటా అడిగినందుకు ఆమె మీద సొంత తమ్ముడే కోర్టులో సాక్ష్యం చెప్పాడు: "ఈమె మా నాయిన కన్న బిడ్డ కాదు. సాదుకున్న పిల్ల." ఆ మాట ఆమెను ఏళ్ల తరబడి నిలవనివ్వలేదు. ఈలోగా పొలం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కలిసిపోయింది. అయినా ఆమె కేసు వదల్లేదు.

చివరికి తీర్పు వచ్చింది. ఆమె కన్నకూతురేనని, పొలానికి వచ్చిన పరిహారంలో సగం వాటా ఆమెదేనని చదివి చెప్పాను.

"వాటా ముచ్చట తర్వాత. బిడ్డ అన్నకాడ మల్ల సదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది.

అంతలో తమ్ముడు గేటు దాటి షేర్ ఆటో ఎక్కాడు. ఆమె వెనకాలే ఉరికింది.

"ఇన్నవా తమ్మీ? నేను నీ అక్కనే!"

ఆయన తలెత్తకుండానే కొంచెం జరిగి, పక్కన చోటిచ్చాడు.