సన్న కె

ఫిన్లండు నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ మా సరస్సు ఒడ్డు ఊళ్ళో ఫిన్నిష్ వారపత్రికకు అక్షరాలు పేర్చేది సైమి కుర్కెలా. నేను అచ్చు మిషను తొక్కేవాణ్ణి. ఆమె నోటికి మా సంపాదకుడు లేహ్తో అంతటివాడే జడిసేవాడు.

షికాగో నుంచి తెప్పించిన లావు అక్షరాల పెట్టె ఒకటి ఉండేది. నిలువు గీతలు దుంగల్లా లావు, అడ్డగీతలు సన్నం, ప్రతి అక్షరం కాళ్ళ కిందా ఒక చిన్న పీట. ఎంత గాలికీ కదలమన్నట్టు నిలబడేవి. సరస్సులో పోయినవాళ్ళ పేర్లకీ, గని మూతపడ్డ వార్తకీ అవే. ఒకసారి ఊరి హాల్లో ఆటపాటలు జరిపే కుర్రాళ్ళు డాన్సు ప్రకటనకు అడిగితే సైమి ఇవ్వలేదు. "వాటికి నవ్వడం రాదు నాయనా, ఇంకో రకం చూసుకో," అంది.

ఒకటే లోటు. ఆ పెట్టె ఇంగ్లీషువాళ్ళ అవసరానికి పోతపోసింది. వాళ్ళకు 'కె' అనే అక్షరంతో పనెంత? అది లేనిదే మా ఊళ్ళో సగం మందికి పేరే లేదు. పెట్టెలో ఉన్నవి నాలుగు.

నవంబరు గాలివానలో సైమి కొడుకు హైకీ చేపల పడవతో వెళ్ళి తిరిగి రాలేదు. వాడి పేరు తనే లావు అక్షరాల్లో పేర్చి, దారంతో కట్టి, అచ్చుకు ఇవ్వబోయి ఆగిపోయింది. మా సరస్సు మహా చల్లన, మునిగినవాణ్ణి ఓ పట్టాన పైకి తేల్చదు. మనిషి దొరికేదాకా ఆ పేరుకు సిరా తగలనివ్వనని కిటికీ పక్క బల్ల మీద పెట్టేసింది. మా రాతలో హైకీకి రెండు, ఇంటిపేరు కుర్కెలాకి రెండు, ఉన్న నాలుగు కె లూ అందులోనే పోయాయి.

అప్పటినుంచి పెద్ద వార్తల్లో కె వస్తే సన్న రకంలోంచి తెచ్చి ఇరికించేవాళ్ళం. లావువాటి మధ్య అన్నం లేని పిల్లాడిలా ఉండేది. ఊరు ఒక్క మాట అనలేదు. గురువారం పత్రిక రాగానే అందరూ ముందు దాన్నే చూసేవారు. సన్నంగా ఉంటే హైకీ ఇంకా దొరకలేదని అర్థం. పోనుపోను, సన్న కె పడ్డ పేరంటే ఇల్లు చేరని మనిషి పేరన్నట్టే అయింది.

నాకు ఆ బల్ల వైపు చూడాలంటే భయం. పొద్దున తాళం తీసేసరికి చుట్టూ ఉన్న సీసపు అక్షరాలన్నీ పొడిగా ఉన్నా ఆ పేరు ఒక్కటే తడిసి ఉండేది. పొగమంచు చెమ్మ అన్నానొకసారి. సైమి ఏప్రన్ అంచుతో దాన్ని తుడుస్తూ, "ఒళ్ళు తుడుచుకోవడం వాడికెప్పుడు వచ్చింది గనక," అంది.

ఏళ్ళు గడిచాయి. ఒక వసంతంలో మంచు కరిగాక, అంతకు ముందు శీతాకాలంలో మునిగిన తౌనో కంగాస్ ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అతని భార్య ఇర్యా నేరుగా ప్రెస్సుకు వచ్చింది.

"అక్కా, మా ఆయన పేరులో సన్న అక్షరం వెయ్యకు. ఆయన దొరికాడు. నా చేతుల్తో కడిగాను."

హైకీ పేరులోంచి ఒక్క కె తీసిస్తే సరిపోతుంది కదా అని సంపాదకుడు మెల్లగా నసిగాడు.

"వాణ్ణి ముక్కలు చేసి ఇవ్వను," అంది సైమి. "ఇస్తే మొత్తం ఇస్తాను."

దారం ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పింది. ఒక్కో అక్షరాన్నీ తుడిచి దాని గడిలో వేసింది. తౌనో కోసం ఉంచిన కె ని మాత్రం చాలాసేపు గుప్పిట్లోనే పట్టుకుంది. నాకు ఏడుపాగలేదు, మిషను వెనక్కి పోయాను.

గురువారం తౌనో పేరు నిండుగా పడింది. ఊరంతా ఆ లావు కె ని చూసింది. చూసి, హైకీ దొరికాడనుకుంది. సాయంత్రానికి జనం టోపీలు చేత పట్టుకుని, గుడ్డల్లో రై రొట్టెలు చుట్టుకుని సైమి ఇంటికి పరామర్శకు బయల్దేరారు. వాడు దొరకలేదని వీళ్ళకెలా చెప్పాలో తెలియక నేనూ వెంట నడిచాను.

తలుపు తీసే ఉంది. బల్ల మీద మావాళ్ళు చావింటి కాఫీకి పరిచే తెల్లగుడ్డ, ఊరికి సరిపడా కప్పులు. సైమి నల్లబట్టల్లో గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"రండి," అంది. "కాఫీ కాచి ఉంచాను."