చేతులు వెనక్కి కట్టుకోమన్న మేడం

మేడం చనిపోయిన కబురు నాకు బడి వంటగదిలో అందింది. పప్పు కడుగుతుంటే నా మనుమరాలు ఫోన్ చేసింది. "బాపమ్మా, పొద్దుగాల్ల దవాఖానల మేడం పానం పోయిందట" అని ఏడ్చింది. కాసేపటికి, "ఎల్లుండి నా పాఠం ఎట్ల?" అంది. ఆ రెండో మాట అన్నందుకు దానికే సిగ్గేసిందేమో, టక్కున ఫోన్ పెట్టేసింది. నన్ను మాత్రం ఆ రెండో మాటే రోజంతా కూర్చోనివ్వలేదు. మేడం కోసం కడుపారా ఏడుద్దామన్నా ఎల్లుండి సంగతే ముందుకొచ్చేది.

ఆ మేడం టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో చెప్పేది. చిన్న తరగతుల పిల్లలకు ఆటలతో, ట్యాబులతో చదువు ఎట్లా చెప్పాలో రేపటి టీచర్లకు నేర్పడం ఆమె పని. ఖిలా వరంగల్ దగ్గర నేను మధ్యాహ్న భోజనం వండే ప్రాథమిక బడికే తన ట్రైనింగ్ పిల్లలను తీసుకొచ్చి, నిజమైన పిల్లల ముందు పాఠాలు చెప్పించేది. ఆ ట్రైనింగ్ పిల్లల్లో నా మనుమరాలు ఒకతి. మాది మగ్గం నేసిన ఇల్లు. మా ఇంట్లో టీచరు కావాలని బయలుదేరింది అదొక్కతే.

మేడం భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డ సంచి ఉండేది. అందులో ట్యాబులు, వాటి పక్కనే చింతగింజలు, గవ్వలు. ఏ లెక్కైనా ముందు నేల మీద ఆడించి, ఆ తర్వాతే ట్యాబు తీసేది. "నేల మీద ఆడని ఆట అద్దం మీద ఆడనియ్య" అనేది. ఇంకో షరతు కూడా ఉండేది. పిల్ల ట్యాబు ముందు కూర్చున్నదంటే టీచరు రెండు చేతులూ వెనక్కి కట్టుకోవాలి. చింతగింజలు పిల్లల గుప్పిట్లో ఉంటే ఎవరూ లాక్కోరు గాని, ట్యాబు కనపడితే మాత్రం పిల్ల కంటే ముందు టీచరు వేలే పోతుందని ఆమె బాధ. చేతులు కట్టుకొమ్మని పిల్లలకు చెప్పడం నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. టీచర్లకు చెప్పడం ఆమె దగ్గరే విన్నాను.

నా మనుమరాలు బోల్తా పడింది అక్కడే. దాని మొదటి పరీక్ష పాఠం రోజు, ట్యాబు ముందు ఒక కొత్త పిల్ల కూర్చుంది. వాళ్ల నాయిన ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. ఆ పిల్ల నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడదు. అంకె నొక్కమంటే వేలు గాలిలోనే ఆపి అట్లాగే ఉండిపోయింది. తప్పు నొక్కితే ఆ ఆట పెద్దగా మోగుతుంది. పరీక్ష చూస్తున్న మేడం ముందు మోగితే ఎట్లా అని నా మనుమరాలు భయపడింది. ఆ పిల్ల వేలు పట్టుకొని తనే సరైన అంకె మీద నొక్కించింది. తెర నిండా మెరిసే చుక్కలు బహుమతిగా రాలాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. వరండాలో గరిటె పట్టుకొని నిలబడి నేనూ సంబరపడ్డాను.

మేడం ఒక్కతే కదలలేదు. "చుక్కలు ఎవరికి రాలినయ్ బిడ్డా?" అని అడిగింది.

"పిల్లకు మేడం."

"నీకు రాలినయ్. పిల్ల ఏలు నువ్వు అరువు తెచ్చుకున్నవ్. ఇంకోపారి చెప్పు పాఠం, దీన్ని నేను పాసు చెయ్య."

ఆ పాఠం పాసు కాకపోతే సర్టిఫికెట్ రాదు. ఈసారి కూడా తప్పితే బట్టల దుకాణంలో పనికి పెడతానని దాని నాయిన తేల్చి చెప్పాడు. నాకు అన్నం సయించలేదు. ఒకరోజు మేడం మంచినీళ్లకు వంటగదికి వస్తే పట్టుకున్నాను.

"జర చూసీ చూడనట్టు పోనియ్యి మేడం. దానికి భయం ఎక్కువ."

"ఎవల పోలికనో!" అని నవ్వి, నన్ను పీట మీద కూర్చోబెట్టి ట్యాబు ఒళ్లో పెట్టింది. కాలేజీలో తన ట్రైనింగ్ పిల్లలతోనే చేయించిన కొత్త ఆట అట. మిర్చి బస్తాల బండి. పది బస్తాలు ఎక్కితేనే కదులుతుంది. "ఏడు ఎక్కినయ్ అవ్వా. ఇంకెన్ని కావాలె?"

లెక్క నాకు రాక కాదు. వేలే ముందుకు పోలేదు. "పాడైతే ఎట్ల మేడం?"

"బాగు చేపిచ్చుకుంటం."

"పప్పు పొంగుతాంది!"

"పొంగనియ్యి. నువ్వు నొక్కేదాంక నేను ఈడికెల్లి కదల." నిజంగానే చేతులు వెనక్కి కట్టుకొని, నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

కంగారులో నాలుగు మీద నొక్కాను. బండి కదలలేదు. ఎక్కువైన బస్తా ఒకటి మెల్లగా కిందికి జారింది. చప్పుడు లేదు. "మోగుతదనుకున్న గదా" అన్నాను.

"మోత తీపిచ్చిన. తప్పు పోయిందని ఆడేటోళ్లకు తెలిస్తే సాలదా? ఊరంతా దండోరా ఎందుకు?"

అప్పటికే ఆమె పాదాలు వాచి ఉండేవి. స్కూటీ మానేసి ఆటోలో వచ్చేది. నేను పప్పులో ఉప్పు వేయకముందే తన గిన్నెలోకి ఇంత తీసుకునేది. కిడ్నీల జబ్బట. "ఇంటికాడ పండుకో రాదు మేడం, జర నీ గురించి కూడ ఫికర్ చెయ్యి" అంటే, "నువ్వున్నవ్ గద అవ్వా, అందరి ఫికర్ చెయ్యనీకి" అని తీసిపారేసేది. నిజమే, చేశాను. చేసి ఏం లాభం?

మేడం పోయిన మూడో రోజున, పాఠం చూడటానికి ఆమె బదులు వేరే సారు వచ్చాడు. మంచివాడో కాదో తెలియదు. వచ్చినప్పటి నుంచీ గడియారం చూస్తున్నాడు. ట్యాబు ముందు మళ్లీ ఆ హమాలీ బిడ్డే. నేల మీద చింతగింజల ఆట బాగానే సాగింది. తెర మీద బండి రాగానే ఆ పిల్ల మళ్లీ బిగుసుకుపోయింది.

"ఏమ్మా టీచర్, చూస్తూ నిలబడ్డవేంది? చూపెట్టు" అన్నాడు సారు.

నేను తలుపు దగ్గర ఉన్నాను. నా మనుమరాలి వీపే కనపడుతోంది. చేతులు వెనక్కి కట్టుకుంది. ఎడమ చెయ్యి కుడి మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఎక్కడ విడిచి ముందుకు పోతుందో అని నేను తలుపు రెక్క పట్టుకున్నాను. మరో పక్క, పోనీ నొక్కించెయ్యరాదా, గండం గడుస్తుంది అని కూడా అనిపించింది.

ఆ పిల్లే నొక్కింది. తప్పు. బస్తా జారింది. వెనక ఇద్దరు కిసుక్కున నవ్వారు. సారు లేచాడు. "టైం అయింది."

"సార్, జర ఆగుండ్రి. ఆ పిల్ల ఇంకా ఆడుతాంది" అంది నా మనుమరాలు. కట్టుకున్న చేతులు విడవలేదు. పెద్దవాళ్లకు అది ఎదురు చెప్పడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ పిల్ల ఎవరినీ చూడలేదు. నేల మీది చింతగింజలు పది ముందుకు జరుపుకొని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకొని, తప్పు అంకె మీంచి వేలు అద్దం మీదే మెల్లగా జరుపుకుంటూ పోయి, మళ్లీ నొక్కింది. బండి కదిలింది.

"ఇంకో బండి తే టీచర్" అంది. ఆ పిల్ల గొంతు అంత గట్టిదని మాకెవరికీ తెలియదు. సారు మళ్లీ కూర్చున్నాడు.

మా పిల్ల పాసయింది. ఆ మాట చెప్పుకోవడానికి మేడం లేదు. ఆ సాయంత్రం ట్యాబు కాలేజీలో అప్పజెప్పాలని నా మనుమరాలు సంచిలో పెడుతుంటే, మాసి ఉందని నేను కొంగుతో తుడవబోయాను.

"తుడువకు బాపమ్మా" అని చెయ్యి పట్టుకుంది. కిటికీ వెలుతురుకు వాలుగా పట్టి చూపించింది. అద్దం మీద నేల దుమ్ముతో ఆ హమాలీ బిడ్డ చిన్న వేలిముద్ర ఒకటి. దానికి బెత్తెడు దూరంలో ఇంకొకటి. ఆ రెండింటి మధ్య, వేలు ఆగి ఆగి వెతుక్కుంటూ పోయిన సన్నటి వంకర గీత.