అమీనా బీ పీకేసిన వంగమొక్కలు

బూర్గంపాడులో మా వీధి చివర బట్టలు కుట్టే అమీనా బీ ఇంటికీ, పక్కనున్న కన్నమ్మ ఇంటికీ మధ్య గోడ లేదు. ఒక వంగమడి ఉండేది. నాటింది కన్నమ్మ. నీళ్లు మాత్రం ఎవరి బిందె ముందు నిండితే వాళ్లు పోసేవారు.

ఎండాకాలంలో తునికాకు కోతకు అడవికి పోయివచ్చిన కన్నమ్మను అమీనా బీ అరుగు మీద కూర్చోబెట్టేది. వీపునా మెడ కిందా కరిచి పట్టుకుని నెత్తురు పీల్చే పిడుదు పురుగులను ఒక్కొక్కటే తీసేది.

"అడవిల ఇంకెవ్వరు దొరకరా వీటికి? అన్నీ నీకే చుట్టాలైతయేందే?"

"ముందు పీకక్కా. చుట్టాలకు మర్యాదలు తర్వాత చేద్దువు."

కాట్లు చాన్నాళ్లు దురద పెట్టేవి. కొబ్బరినూనె రాసి ఊరుకునేవారు.

ఆ ఏడు బక్రీదుకు ఎప్పటిలాగే అమీనా బీ ఇంటి నుంచి కన్నమ్మకు తన వాటా మేక మాంసం అందింది. మధ్యాహ్నం వండుకుని తిన్నది. సాయంత్రం వంకాయ కూరతో నాలుగు ముద్దలు తిన్నదో లేదో, ఒళ్లంతా దద్దుర్లు లేచి పెదవులు వాచాయి. మన దగ్గర దురద వస్తే మొదటి నింద వంకాయ మీదే కదా. తెల్లారేసరికి తగ్గింది కానీ, అమీనా బీ మడిలోని మొక్కలన్నీ పీకి పారేసింది.

"కాపుకొచ్చినయక్కా!" అని కన్నమ్మ బతిమాలింది.

"నీ పానం కన్నా ఎక్కువనా? సప్పుడు చేయకు."

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, కన్నమ్మ నీరసంగా ఉందని మేక కాళ్ల పాయా కాచి, పక్కన కూర్చుని మరీ తాగించింది. ఆ సాయంత్రం కన్నమ్మకు ఊపిరాడలేదు. దవాఖానాకు పోతున్న ఆటో గోదావరి వంతెన దాటకముందే, అమీనా బీ ఒడిలోనే ప్రాణం పోయింది.

దవాఖానాలో డాక్టరమ్మ అంతా విని మెల్లగా అడిగింది. "ఈమెను పిడుదులేమైనా కరిచినయా?"

అమీనా బీ తన వేళ్ల వైపు చూసుకుంది.

"పిడుదు కరిచినంక కొందరికి మేక, గొర్రె, పశువు, పంది మాంసం పడదమ్మా. తిన్న కొన్ని గంటలకు గానీ బయటపడదు. అందుకే దాని మీద అనుమానం రాదు. ఈమెకు అదే అయ్యుంటది. మొదటిసారే వస్తే పరీక్ష చేయించేటోళ్లం. కోడి, చేప తిని బతికేది."

దేవుడి రాత అని మేమంతా ఓదార్చాం. రాములవారిని నమ్మినదాన్ని, నేనూ అదే మాట అన్నాను.

"దేవుని మీద ఎందుకు పెడుతరు? ఆయన వంకాయ ఇచ్చిండు. నేనే అది పీకి, పాయా తాగిపిచ్చిన" అంది అమీనా బీ.

అమీనా బీ తిరిగి వంగమొక్కలు నాటింది; ఈ ఎండాకాలం మడి మళ్లీ పచ్చబడింది. అడవి నుంచి వచ్చే ఆడవాళ్లను అమీనా బీ అరుగు మీద కూర్చోబెట్టి, పట్టకారుతో పిడుదులు తీస్తుంది. "మాంసం తిన్న సాయంత్రం దద్దుర్లొచ్చినయా? వస్తే వంకాయను తిట్టకుండ్రి. జల్దీ దవాఖానాకు పోండ్రి" అని ప్రతి ఒక్కరికీ చెబుతుంది. పోయేటప్పుడు కొంగులో వంకాయలు పోస్తుంది.

తను మాత్రం ఆ మడి కాయ ఒక్కటీ వండుకోదు.