ఆందుల్ వంతెన మీద చెప్పులు

సంత్రాగాఛిలో లోకల్ రైలెక్కిన ముసలామె బెంగాలీలతో నిండిన పెట్టెలో నా చేతిలో తెలుగు పేపరు చూసి పక్కన కూర్చుంది. ఆందుల్ దగ్గర ఏరు వస్తే చూపించమంది.

"నా మనవలు అక్కడ ఏరే నేదంటన్నారు అన్నయ్యా. మురికి నాలా అట! మా సంఘపోల్లందరికీ అందులోనే కదా బాప్తిస్మం. నన్ను ముంచిన పాస్టరుగోరు నేరు, నాతో మునిగినోల్లూ నేరు. ఇంకెవులు సెప్తారు?"

నాకు ఒళ్ళు మండింది. సరస్వతి అని పేరున్న నదిలో ఊరూరా చెత్త పోసి, గుర్రపుడెక్క పెంచి, ఇప్పుడు నాలా అంటారా? చదువుకుని నేర్చింది అదా? నేను బడి మొహం చూడలేదు, పేపరు కూడబలుక్కుని చదవడమే వచ్చు గానీ, ఆ నీళ్ళలో పడవలు చూశాను.

"ఏరే సెల్లెమ్మా! ఇటికల పడవలొచ్చీవి. నేను సెప్పేనని మరీ తిట్టు ఆల్లని."

ఆమె నవ్వింది. "అయితే నాకు మతి పోనేదన్నమాట."

రైలు వంతెన ఎక్కగానే ఇదేనని చూపించాను. ఆమె చెప్పులు విడిచి, ఒట్టి పాదాలు కింద ఆనించి కళ్ళు మూసుకుంది. మునగడానికి దిగేముందు గట్టున అలాగే విడిచేవారట. కిటికీలోంచి నల్లబురద కంపు కొట్టింది.

తర్వాతి స్టేషన్లో దిగిపోయింది. ఆమె పాదాలుంచిన చోట నేల తడిగా ఉంది. చేపలబుట్ట ఏదైనా కారిందేమోనని పెట్టెంతా వెతికాను. ఒక్క బుట్టా లేదు.

ఇప్పుడు ఆ వంతెన వస్తే నేనూ చెప్పులు విడుస్తున్నాను. నా పాదాల కింద నేల మాత్రం పొడిగానే ఉంటోంది.