మా వదిన దాచిన కొత్తిమీర

మా వదినను వీధిలో అందరూ కట్టలావిడ అనేవాళ్లు. కొత్తిమీర కట్టలు, పుదీనా కట్టలు. పన్నెండేళ్లపాటు మూడు హోటళ్లకు రోజూ పొద్దున్నే ఆకు పంపింది. మార్కెట్‌కు మంచి సరుకు వచ్చేది వారానికి రెండుసార్లే, హోటళ్లకేమో రోజూ కావాలి. ఆ మధ్య రోజులే ఆవిడ బతుకుతెరువు. నాలుగో రోజు కట్ట తీసి చూపించినా, ఇప్పుడే మడిలోంచి పీకారా అని అడిగేవాళ్లు. నేను ఆవిడ ఆడపడుచును, అదే ఇంట్లో ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. వదిన ఆ పని మానేసి రెండేళ్లయింది. మాన్పించింది నేనే. కావాలని కాదు అని చెప్పుకోవచ్చు, కానీ అలా చెప్పుకుని ఏం బావుకుంటాను?

ఆకు దాచడంలో ఆవిడకు దాపరికం ఏమీ లేదు, ఎవరడిగినా చెప్పేది. కడగకూడదు. వేళ్లు కోయకూడదు. మట్టి దులిపి, పండుటాకులు ఏరేసి, గాలాడే నీడలో అరగంట పరచాలి. చెమ్మ ఆరాక పాత నూలుబట్టలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. రోజు విడిచి రోజు బట్ట మార్చాలి. పుదీనా అయితే కాడలు గ్లాసు నీళ్లలో నిలబెట్టి, పైన సంచీ వదులుగా కప్పాలి. విన్నవాళ్లు ఓస్ ఇంతేనా అనుకుంటూ వెళ్లి, మూడో రోజుకు ఆకంతా బురద చేసుకుని తిరిగొచ్చేవాళ్లు.

"కడిగావు కదూ?" అనేది వదిన.

"ఒక్కసారేనండీ, మట్టి ఉందని..."

"ఒక్కసారి చాలమ్మా, ముంచడానికి."

బట్టను రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నొక్కి, ఇది రేపటిదాకా ఆగుతుంది, ఇది ఆగదు అని తేల్చేసేది. ఆ వేళ్లంటే ఆవిడకు భలే గర్వం. నేను కుట్టగా మిగిలిన నూలు ముక్కలు, అన్నయ్య పాత చొక్కాలు, అన్నీ ఆ డబ్బాల్లోకే పోయేవి. ఫ్రిజ్‌లో మా తిండికి చోటుండేది కాదు. "ఈ ఇంట్లో కొత్తిమీరకున్న మర్యాద నాకు లేదే" అని అన్నయ్య వాపోయేవాడు. "నువ్వు నాలుగు రోజులకే వాడిపోతావు మరి" అనేది వదిన.

వేళ్ల తరవాత ముక్కు. కట్ట నడుమ ఒక్క కాడ కుళ్లినా పైకి కనబడదు. విప్పి వెతికితే ఆకు నలుగుతుంది. అందుకని పంపేముందు మూత తీసి, తీయగానే వచ్చే మొదటి వాసన పట్టుకోవాలి. రెండోసారి పీలిస్తే ముక్కు అలవాటుపడి ఏమీ చెప్పదట.

పని మానేయడానికి ముందు ఏడాది వానల్లో ఆవిడకు జ్వరం వచ్చింది. పదిరోజులు మంచం దిగలేదు. లేచాక మనిషి మామూలుగానే ఉంది గానీ, ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున్నే డబ్బాలన్నీ తెచ్చి నా మిషను పక్కన పెట్టడం, "అమ్మాయ్, కాస్త మూత తీసి చూడు, నా చేతులు తడిగా ఉన్నాయి" అనడం. ఇంకోరోజు జలుబు. ఇంకోరోజు కళ్లజోడు కనబడలేదు. వాసన చూడటానికి కళ్లజోడెందుకని ఆ రోజే అడిగి ఉండాల్సింది. నాకా బుద్ధి లేదు. పెద్దరికం చూపించుకోవడానికి నన్ను పనిలో పెడుతోందనుకున్నాను. నా గిరాకీలు నెత్తిన కూర్చుని ఉంటే, నేను డబ్బాల్లో మొహం పెట్టుకుని కూర్చోవాలా? తల ప్రాణం తోకకొచ్చేది. అయినా ఏడాదిపాటు చూశాను. బాగుంటే బాగుందన్నాను, తేడా ఉంటే ఉందన్నాను. ఆవిడ మారుమాట లేకుండా ఆ డబ్బా పక్కకు తీసేసేది.

ఆ రోజు ఒకావిడ కోటు చేతులు పొట్టివయ్యాయని వచ్చి నిలబడింది. బస్సు టైమైందని ఆవిడ గోల. నా నోట్లో గుండుసూదులు, చేతిలో కత్తెర. సరిగ్గా అప్పుడే వదిన డబ్బాతో వచ్చింది.

"నిన్న మధ్యాహ్నమంతా కరెంటు లేదు. జాగ్రత్తగా చూడవే."

ఒళ్లు మండిపోయింది. మూత ఎత్తాను. వంగలేదు, ఊపిరి పీల్చలేదు. పచ్చగా కనబడింది. మూత పెట్టేశాను. "బాగుంది వదినా, బ్రహ్మాండంగా ఉంది" అన్నాను, సూదుల మధ్యనుంచే. ఆవిడ ఎంతో సంబరంగా డబ్బా పట్టుకెళ్లింది.

పదకొండింటికి మూల హోటల్ వంటమేస్త్రి ఆ డబ్బా పట్టుకుని తనే వచ్చాడు. కోపంగా కాదు, మొహమాటంగా. "అక్కా, లోపల కుళ్లింది. ఇవాళ ఎలాగో సర్దుకున్నాం. పన్నెండేళ్లలో ఒక్కసారేగా, దానికేముంది? రేపు మామూలుగానే పంపించండి" అని గడప దగ్గర పెట్టి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక వదిన మూత తీసింది. గది అవతలున్న నాకు కంపు గుప్పున కొట్టింది. ఆవిడ మాత్రం కట్టను ముక్కు దాకా ఎత్తుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా పీలుస్తోంది. మళ్లీ మళ్లీ పీలుస్తోంది. తరవాత నా వైపు తిరిగి, చిన్నపిల్లలా అడిగింది.

"ఏమే, నిజంగా కుళ్లిందా?"

కుళ్లింది వదినా అన్నాను. అప్పుడు చెప్పింది. జ్వరం తగ్గినప్పటినుంచీ ఏ వాసనా లేదట. సబ్బు లేదు, పొగ లేదు, ఏమీ లేదు. హోటళ్లకు తెలిస్తే సరుకు వద్దంటారేమోనని అన్నయ్యకు కూడా చెప్పలేదు. "నీ ముక్కుంది కదా, నా చేతులున్నాయి కదా, ఇద్దరం కలిసి లాగించేద్దాంలే అనుకున్నాను" అంది.

"చెప్పొచ్చుగా వదినా నాకు!"

"చెప్తే జాలిపడతావు. జాలిపడేవాళ్లు నిజం చెప్పరే. ఏదో ఒకటి బాగుందనేస్తారు." కట్టకు చుట్టిన బట్టను వేళ్ల మధ్య నలిపింది. "నువ్వు చూసినప్పుడు బాగానే ఉంది. అంటే కుళ్లు పట్టింది ఆ తరవాతేనన్నమాట. బట్ట తడిగా ఉండి ఉంటుంది. నాకు ఆరినట్టే తగిలింది. ఇప్పుడూ ఆరినట్టే ఉంది. ముక్కు పోయిందనుకున్నాను, చేతులు కూడా పోయాయి."

చేతులు పోలేదు. బట్ట నిజంగానే పొడిగా ఉంది. నడుమ కాడ కుళ్లడానికి కరెంటు పోవడం చాలు, దాన్ని పట్టుకోవడానికి ముక్కు చాలు. నేను ఒక్క మాట చెప్పాలి. 'వదినా, నేను వాసన చూడలేదు.' నాలుగు మాటలు. అనలేదు. ఏమంటుందోనని భయం, అన్నయ్య ముందు చులకనవుతానని భయం. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం అన్నయ్య ఉన్నాడు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు పొద్దున ఆవిడ మార్కెట్‌కు వెళ్లలేదు. వారం తిరక్కుండానే డబ్బాలు పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. మూడు హోటళ్లకూ తనే వెళ్లి, వయసైపోయింది, ఇక చేతకాదు అని చెప్పి వచ్చింది. అప్పటికి ఆవిడకు యాభై నాలుగు.

ఆ తరవాత మా ఇంట్లోకి కొత్తిమీర అన్నయ్య తెచ్చేవాడు. ప్లాస్టిక్ సంచీతో సహా ఫ్రిజ్‌లో పడేసేవాడు, అది రెండో రోజుకు నల్లబడేది. వదిన చూసి కూడా ఏమీ అనేది కాదు. నేనే ఏరి, ఆరబెట్టి, బట్టలో చుట్టడం మొదలుపెట్టాను. బట్ట ఆరిందా అని ఒకసారి అడిగితే, "నన్నడక్కు, నాకు తెలియదు" అని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఉల్లిపాయ తరగాలన్నా, బియ్యంలో రాళ్లు ఏరాలన్నా, ఒకసారి నువ్వు చూడు అనేది. తన వేళ్ల మీద తనకే నమ్మకం లేకుండా బతికింది. అది నేను రెండేళ్లు కళ్లారా చూశాను. చూస్తూ కోట్లూ జాకెట్లూ కుట్టుకున్నాను. నాలాంటి పిరికిదాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

పోయిన నెల వంటమేస్త్రి కొలతలిద్దామని వచ్చాడు. వెళ్తూ వెళ్తూ, "ఇప్పటికీ అక్కలాంటి చెయ్యి దొరకలేదండీ. నలుగుర్ని మార్చాం" అన్నాడు. వదిన లోపలినుంచి విని, "పాపం, నా మీద అభిమానంతో అంటాడు" అంది. ఇక నావల్ల కాలేదు. మధ్యాహ్నం అన్నయ్య పనికి వెళ్లాక, ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుని మొత్తం చెప్పేశాను. కోటు, సూదులు, వంగకపోవడం, పీల్చకపోవడం. ఏడుస్తూనే చెప్పాను.

ఆవిడ తన కుడిచేతి వేళ్లు ఎత్తి, ఒకదానికొకటి రాసి చూసుకుంది.

"అయితే బట్ట ఆరే ఉందా ఆ రోజు?"

"ఆరే ఉంది వదినా. నీ తప్పేం లేదు."

"ఆ రోజే చెప్పి ఉంటే నిన్ను చెడామడా తిట్టేదాన్నే," అంది నెమ్మదిగా. "తిట్టి, మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లేదాన్ని."

అంతే అంది. ఇప్పుడైనా తిడుతుందేమోనని చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. తిట్టలేదు.