మూడుసార్లూ ఒకటే అంకె

“చచ్చిన డాల్ఫిన్ వయసెంతో తేల్చి, ఏమే, దానికి పెళ్ళి చేస్తావా?” పనిలో చేరిన వారానికే సొంత అక్క అడిగింది.

“డబ్బులిస్తారట,” అంది చెల్లెలు. అంతకుమించి జవాబు ఆమెకీ తెలీదు.

అదే పనిలో పంతొమ్మిదేళ్ళు గడిపింది. ప్రయోగశాలలో అందరికీ పళ్ళక్క. సముద్రమంటే ఆమెకు ప్రాణమని ఎవరైనా చెబితే నమ్మకండి, పడవెక్కితే వాంతులు. మెట్ల కింద గది, మైక్రోస్కోపు, వలల్లో చిక్కి చచ్చిన డాల్ఫిన్ల పళ్ళున్న సీసాలు, అంతే ఆమె లోకం. పంటిని ఆమ్లంలో నానబెట్టి, ఉల్లిపొరంత పల్చగా కోసి, రంగు పట్టిస్తే గీతలు తేలతాయి. గీతకో ఏడాది. ఆ వయసులను బట్టే, మంద నిలవాలంటే ఏటా వలల్లో ఎన్ని చావులకు మించకూడదో ప్రొఫెసరమ్మ లెక్కకట్టేది.

ఒక్కో పంటిని వారం ఎడంతో మూడుసార్లు, పాత అంకె చూడకుండా లెక్కపెట్టాలి. కొన్నేళ్ళుగా పళ్ళక్కకు మూడూ అచ్చు గుద్దినట్టు కలిసేవి. “కన్నంటే నీదే!” అని ప్రొఫెసరమ్మ మురిసిపోయేది.

ఆ కన్ను మసకబారి నాలుగేళ్ళయింది. వయసు ముదిరేకొద్దీ గీతలు సన్నబడి ఇరుక్కుంటాయి. అవి ఆమె కంటికి ఆనడం మానేశాయి. మొదటిసారి కనబడినన్ని లెక్కపెట్టేది. తర్వాత పంటి వంపు గుర్తుపట్టి అదే అంకె వేసేది. చెబితే పని ఊడుతుంది మరి.

ఒకరోజు ప్రొఫెసరమ్మ ఆ అంకెల పుస్తకం తిరగేస్తూ ఆగింది.

“ముదురు పంటికి నాకే ఓసారి ఇరవై ఎనిమిది, ఓసారి ముప్ఫై ఒకటి వస్తుంది. నీకు ఒక్క గీతైనా తేడా రాదేంటక్కా?”

పళ్ళక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “కనబడట్లేదు మేడమ్.”

“ఎప్పట్నుంచి?”

“తేడా రానప్పట్నుంచి.”

ఆ పళ్ళన్నిటి గీతలూ వేరేవాళ్ళచేత మళ్ళీ లెక్కపెట్టించారు. ఆడ డాల్ఫిన్ తొలిసారి ఈనేది ఎనిమిదో ఏట కాదు, పన్నెండో ఏట అని, అంటే మంద అనుకున్నంత వేగంగా పెరగదని తేలింది. ఏటా నలభై చావులను మంద తట్టుకుంటుందన్న ప్రొఫెసరమ్మ, తొమ్మిదికి మించితే కోలుకోదని దిద్ది రాసింది. ఈలోగా పోయినవి పోయాయి. వాటి పళ్ళు కూడా పళ్ళక్క బల్ల మీదికే వచ్చాయి.

ఆమెను ఎవరూ తిట్టలేదు. రేపట్నుంచి రానక్కర్లేదన్నారు. పంటికింతని ఇచ్చిన కూలిలో, చెల్లని ఆరువందల పళ్ళ కూలి వెనక్కి కట్టమని కార్యాలయం కాగితం పంపింది. కట్టినంత కట్టగా, అందులో రెండువందల పది పళ్ళ కూలి ఆమె ఇంకా బాకీ ఉంది.